నాలుగో వంతు పొగ

జూలై 5, 2009, ఆదివారం

మా నేతవాళ్ళ సమాజ్ హాలులో సభ జరిగింది. ఛాయ్ బాగుంది. సభ బాగాలేదు.

గొడవంతా టెంపో గురించి. ఏటా రాఖీ పున్నమినాడు మార్కండేయ స్వామి రథం మా భివండిలోని నిజాంపురాలో బయల్దేరి ఊరు చుట్టి వస్తుంది. రథాన్ని మనుషులు తాళ్ళతో లాగుతారు. దాని వెనక టార్పాలిన్ కప్పు వేసిన ఇంకో బండి ఉంటుంది. అందులో చేమగ్గం, మగ్గం మీద యాదయ్య. ఊరేగింపు తిరిగినంతసేపూ ఆయన బట్ట నేస్తూనే ఉంటాడు. సాయంత్రం గుడి ముందు ఆ బట్ట కోసి, నీళ్ళు తగలనివ్వకుండా స్వామికి కప్పుతారు. మర్నాడు దాన్ని చింపి ఇంటికో పేలిక పంచుతారు. విశేషమేమిటంటే పొద్దున మగ్గానికెక్కిన నూలు మల్లెపువ్వులా ఉంటుంది, సాయంత్రానికి బట్ట విభూతి రంగుకు తిరుగుతుంది. స్వామి శివభక్తుడు కదా, అందుకని. సోలాపూర్ నుంచి కూడా ఆ పేలిక కోసం వస్తారు. మా దేవుడి అరలోనూ ఉంది.

ఇదంతా నాకు తెలిసిందే. అయినా రాసుకుంటున్నాను. తెలిసినవి రాయడంలో ఉన్న సుఖం తెలియనివి రాయడంలో లేదు.

ఆ మగ్గం బండిని లాగేది భీమ్‌రావు టెంపో. భీమ్‌రావు నా భార్య పోచవ్వకు దూరపు తమ్ముడు, నాకు దగ్గరి స్నేహితుడు. రోజూ పొద్దున వచ్చి నన్ను ఎక్కించుకుని ఛాయ్ హోటలు దాకా తీసుకుపోతాడు. మూడు చక్రాల టెంపో అది. వెళ్ళిపోయాక కూడా కాసేపు ఉంటుంది, పొగ రూపంలో. దాని అద్దం మీద "స్వామివారి సారథి" అని పసుపు అక్షరాలతో రాయించుకున్నాడు. పున్నమినాడు కట్టే తలపాగాను ఏడాదంతా పెట్టెలో దాచుకుంటాడు. కిరాయిలు కూడా ఆ పేరు మీదే వస్తాయి.

ఇక సభలో లేచింది మా ప్రాజక్త. నా కొడుకు కూతురు. ఊరవతల కాల్హేర్‌లో ఒక గోదాములో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఈసారి పొగ బండి వద్దంది. "మా గోదాముల బ్యాటరీ బండి ఉన్నది, పెట్టెల ట్రాలీలు లాగుతది. ఆవాజ్ లేదు, ధువా లేదు. సేట్‌ను అడిగిన, ఒక్క దినానికి ఇస్తనన్నడు" అంది. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. పొగవల్ల భూమి వేడెక్కుతోందని, అందుకే ఈ ఏడు వాన సరిగ్గా లేదని, నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నది కూడా అందుకేనని చెప్పింది. నాలుగేళ్ళ క్రితం ఊరు మునిగినప్పుడూ పొగవల్లే అన్నారు కదా, నీళ్ళెక్కువైనా పొగేనా తక్కువైనా పొగేనా అని ఎవరో అడిగారు. "అవును, రెండిటికీ అదే" అంది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. అలాంటి వ్యాసం ఒకటి నేను చదివాను, నడుమ భాగం. నాకు చదువు చెప్పింది నూలు బేళ్ళకు చుట్టివచ్చే పాత పేపర్లు. చాలా సంగతుల మొదలూ చివరా నాకు తెలియవు గానీ నడుమ మాత్రం బాగా తెలుసు.

సమాజ్ అధ్యక్షుడు అంకుశం, స్వామికి వేసే ధూపం కూడా పొగే కదా, దాన్నీ ఆపుదామా అన్నాడు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడు భీమ్‌రావు లేచాడు. వాడికి సభల్లో మాట్లాడటం రాదు. వచ్చినవాళ్ళకంటే బాగా మాట్లాడాడు.

"నీ బ్యాటరీల కరెంటు ఎక్కడికెల్లి వస్తదే బిడ్డా? బొగ్గు కాల్చిన కాడికెల్లి. మా తమ్ముడు రామగుండంల ఉంటడు. వాళ్ళ మిద్దె మీద బూడిద వడ్తది, వడియాలు ఎండవెట్టుకునేటట్టు లేదు. నీ బండి ఈడ తెల్లగుంటది. ఆడ మా మరదలి వడియాలు నల్లగైతయ్."

ప్రాజక్త, "దీనికి ఆన్సర్ ఉన్నది తాతా, రేపు చెప్త" అని కూర్చుంది.

కమిటీ సరిగ్గా సగానికి చీలింది. ఇక పెద్దమనిషి చెప్పాలన్నారు. పెద్దమనిషిని నేనే. ఇరవయ్యారు దాకా గడువిచ్చారు.

జూలై 6

పొద్దున భీమ్‌రావు వచ్చాడు. దారిలో సభ సంగతి ఎత్తలేదు. దిగేటప్పుడు, "నువ్వున్నంక నాకేం భయం, బావా" అన్నాడు. నేను తలూపాను. తలూపడం మాట ఇవ్వడం కాదు.

సాయంత్రం ప్రాజక్త నా కాళ్ళు ఒత్తుతూ, "తాతా, నువ్వు చదువుకున్న మనిషివి" అంది. దానికీ తలూపాను.

తర్వాత ఆ పిల్ల మన సైజింగ్ సంగతేంది అని అడిగింది. సైజింగ్ అంటే పడుగు నూలుకు గంజి పట్టించే కార్ఖానా. గంజికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కు పొయ్యి. పొయ్యిలో కట్టె కాలుస్తామని బోర్డు మీద ఉంటుంది. పొయ్యిలో మాత్రం చిందీ గుడ్డలు, అరిగిన రబ్బరు, తెగిన చెప్పులు ఉంటాయి. ఊళ్ళో అందరూ అదే చేస్తారు. అది వేరే విషయం, ఇప్పుడు మాట్లాడుతున్నది బండ్ల గురించి అని చెప్పాను. పైగా అందులో నా వాటా నాలుగో వంతే. మిగతాదంతా అంకుశానిది. నాలుగో వంతు పొగ ఎంతుంటుంది? అగరుబత్తి కంటే కొంచెం ఎక్కువ.

జూలై 8

భీమ్‌రావు పొద్దున రాలేదు. టెంపోకు ఏదో రిపేరు ఉండి ఉంటుంది.

జూలై 9

రాలేదు. రిపేరు పెద్దదే కావచ్చు.

జూలై 12, ఆదివారం

భీమ్‌రావు ఎందుకు రావడం లేదో తెలిసింది. నేను పిల్లల వైపు మొగ్గానని ఎవరో చెప్పారట. అబద్ధం. నేను ఎటూ మొగ్గలేదు.

చౌరస్తాలో యువక మండలి వాళ్ళు ఫ్లెక్స్ కట్టారు. "పర్యావరణ మిత్ర గాలయ్యగారు" అని మరాఠీలో, కింద నా ఫోటో. ఫోటోలో జుట్టు నల్లగా చేశారు, ముక్కు కాస్త చిన్నది చేశారు. ఇలాంటివాటికి పడే వయసు కాదు నాది. అటువైపు ఏదో పనుండి రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. సాయంత్రం వెలుతురులో ఇంకా బాగుంది.

పోచవ్వ చూసొచ్చి, "ఎవరిదో పెండ్లి ఫోటో తెచ్చి పెట్టిండ్రు" అంది.

జూలై 17, శుక్రవారం

మగ్గాలకు సెలవు. శుక్రవారం భివండి నిశ్శబ్దం ఎలా ఉంటుందంటే, చెవులకు ఎవరో దూది పెట్టినట్టుంటుంది. మా తరం వాళ్ళందరం సాంచాల, అంటే కరెంటు మగ్గాల, చప్పుడులో సగం చెవుడు తెచ్చుకున్నవాళ్ళమే. శుక్రవారాలు కూడా అరుచుకునే మాట్లాడుకుంటాం. అందువల్ల మా ఊళ్ళో రహస్యాలు దాగవు.

ఛాయ్ హోటల్లో భీమ్‌రావు కనిపించాడు. నా ముందు బల్ల మీద కూర్చున్నాడు, నాకు వీపు పెట్టి. ఎదురుగా ఉన్న యాదయ్యతో మాట్లాడుతున్నట్టు నాతో మాట్లాడాడు. కాల్హేర్ గోదాముకు పోయి చూసొచ్చాడట. అక్కడా కరెంటు పోతుందట, పోయినప్పుడు ఆ బ్యాటరీని డీజిల్ జనరేటర్ పెట్టి నింపుతారట. "డీజిలు నా టెంపో తాగితే పాపం, జనరేటర్ తాగితే పుణ్యమా, అడుగు యాదయ్యా" అన్నాడు. యాదయ్య ఎవర్నీ అడగలేదు, బన్ను తిన్నాడు.

ఇంటికొచ్చి ప్రాజక్తకు చెప్పాను. ఆ పిల్ల అబద్ధమాడదు, అదొక్కటే దాంతో చిక్కు. "అవును తాతా, కొన్నిసార్లు జనరేటరే. కానీ ఆ పొగ యాదయ్య తాత మొహానికి కొట్టదు కద" అంది. రామగుండం ప్రశ్నకు కూడా జవాబు తెచ్చింది. ఎండతో కరెంటు తీయొచ్చట, ఎప్పటికైనా అదే వస్తుందట. ఎప్పటికి అన్నాను. నీ ఫ్లెక్స్ చినిగిపోకముందే అంది.

జూలై 22

సూర్యగ్రహణం. మబ్బు వల్ల ఏమీ కనిపించలేదు. వాన మాత్రం పడలేదు. వాన పడని మబ్బు, గ్రహణం కనపడని ఆకాశం, ఎటూ చెప్పని పెద్దమనిషి అని పోచవ్వ ఒకే వరసలో తిట్టింది.

జూలై 26, ఆదివారం

చెప్పేశాను. బ్యాటరీ బండి.

బాగా ఆలోచించే చెప్పాను. నేను చెప్పింది వాన కోసం, యాదయ్య దగ్గు కోసం, రేపటి పిల్లల కోసం. ఫ్లెక్స్‌కూ దీనికీ సంబంధం లేదు. ఒక్క ఏడాదికే, చూద్దాం అని కూడా అన్నాను. చప్పట్లలో ఆ ముక్క వినబడినట్టు లేదు.

బండి నడిపేది ప్రాజక్తే. ఆ రోజు తలపాగా తనకే కట్టాలని కుర్రవాళ్ళు అన్నారు.

భీమ్‌రావు వినగానే లేచి వెళ్ళిపోయాడు. వెళ్తూ నన్ను చూడలేదు. నేనూ చూడలేదు, అందుకే చూడలేదని తెలుసు.

జూలై 28

యాదయ్య ఇంటికి వెళ్ళాను. పడుగు సిద్ధం చేస్తున్నాడు. ఈసారి పొగ ఉండదు, దగ్గు లేకుండా నేసుకో అన్నాను, ఏదో ఉపకారం చేసినవాడిలా. యాదయ్య పోగు ముడి వేస్తూ, "అది సరే. పొగ లేకుంటే బట్ట ఏ రంగొస్తదో" అన్నాడు.

ఆ మాట వదిలేసి నేను మిగతా కబుర్లు చెప్పాను. చాలా చెప్పాను. పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. దారిలో మాత్రం ఆ మాట ఒక్కటే గుర్తుంది.

మనిషి అన్నిటి గురించీ ఆలోచించాల్సిన పని లేదు. ఇన్నేళ్ళూ ఆలోచించకుండా బాగానే ఉన్నాం.

జూలై 29

మధ్యాహ్నం భీమ్‌రావు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అక్క ఛాయ్ తాగమంటే వద్దన్నాడు. వాడు వద్దన్న ఛాయ్ నేను ఇప్పటివరకూ చూడలేదు.

నాకు కోపం లేదు బావా అన్నాడు. కోపం ఉన్నా బాగుండేది.

"తెల్లగ వచ్చిందనుకో. అందరు ఏమంటరు? ఇన్నేండ్లు స్వామి మహిమ కాదు, భీమ్‌రావు టెంపో మసి అంటరు. ఇంటింట్ల దేవుని కాడ ఉన్నది నా మసి అంటరు. రోగం వచ్చినోళ్ళు కండ్లకద్దుకున్నరు బావా దాన్ని. నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

అలా కాదు, మహిమ మహిమే, అన్నాను.

"నీకు నమ్మకమేనా?"

నమ్మకమే అన్నాను. వాడు నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 1

గుళ్ళో విభూతి పొట్లం కట్టించుకుని యాదయ్య ఇంటికి వెళ్ళాను. ఎందుకని ప్రత్యేకం ఏమీ లేదు. మాటల్లో, పేకకు చుట్టే కండెల మీద కాస్త విభూతి చల్లితే శుభం కదా, గంజిలో కలిపినా శుభమే, అన్నాను. యాదయ్య పొట్లం విప్పి, కొంచెం నుదుట పెట్టుకుని, మిగతాది మళ్ళీ కట్టి నా జేబులో పెట్టాడు. "స్వామికి నేసేటప్పుడు నేను వేరే పని చెయ్య బావా" అన్నాడు.

వచ్చేసరికి జేబు, చొక్కా అంతా విభూతి. పోచవ్వ బట్టలు ఉతకడానికి వేస్తూ, మా తమ్మునికి నువ్వు అంటించిన మచ్చ తమ్ముడే తుడుచుకోవాలె, నీతోటి అయ్యేది కాదు అంది.

ఆగస్టు 4

వాన లేదు. వాన పడితే ఊరేగింపు ఆగిపోయేది. వాన కోసం ఇంత గట్టిగా ఎప్పుడూ మొక్కుకోలేదు. మిగతా ఊరు కూడా వాన కోసమే మొక్కుతోంది, వాళ్ళ కారణాలు వేరు.

ఆగస్టు 5, బుధవారం. పున్నమి

పొద్దున జంధ్యాలు మార్చుకున్నాం. ప్రాజక్త తలపాగా కట్టుకుని బ్యాటరీ బండి ఎక్కింది. ఆడపిల్లకు తలపాగా ఏంటని ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆ పిల్ల వాళ్ళకే ముందు నమస్కారం పెట్టింది. నేను రథం తాడు పట్టుకున్నాను, ఫోటోగ్రాఫర్ ఉన్న వైపు.

భీమ్‌రావు వచ్చాడు. ఉతికిన ధోవతి, ఖాళీ తల. తాడు పట్టుకోలేదు. అందరికంటే వెనక, చెప్పుల్లేకుండా నడిచాడు.

బండి కదిలింది. కదిలిందని ఎవరికీ తెలియలేదు. మా వాళ్ళకు చప్పుడు లేని యంత్రం ఆగిపోయిన యంత్రమే. సాంచా ఆగితే పోగు తెగినట్టు లెక్క. అందుకని మగ్గం బండి చక్రం ముందు నిలబడ్డ ఒక పెద్దాయన, ఇంకా స్టార్ట్ కాలేదు కదా అని చెప్పు వారు సర్దుకుంటూ అక్కడే ఉన్నాడు. పక్కవాళ్ళు పట్టి లాగకపోతే చక్రం కాలి మీదికే వచ్చేది. అప్పట్నుంచి ప్రాజక్త ముందు ఇద్దరు పిల్లలు గంట కొడుతూ నడిచారు.

ఆ తర్వాత నేను ఊహించనిది ఒకటి జరిగింది. యాదయ్య మగ్గం వినబడింది. నాడె ఇటు పోయి అటు వచ్చే చప్పుడు. పలక మీద కొట్టే చప్పుడు. ఇన్నేళ్ళ ఊరేగింపుల్లో దాన్ని చూశామే గానీ వినలేదు, టెంపో మింగేసేది. ఆడవాళ్ళు భజన ఆపి విన్నారు. మా నాయన చేమగ్గం అలాగే మోగేది. నా పక్కన తాడు పట్టుకున్నవాడు కళ్ళు తుడుచుకున్నాడు, వాడు సాంచాల మీదే పుట్టి పెరిగినవాడు, చేమగ్గం ఎన్నడూ ఎరగడు. ఎందుకు ఏడుస్తున్నావంటే తెలియదన్నాడు.

మగ్గం బండి పక్కకు వచ్చి చూశాను. బట్ట తెల్లగా సాగుతోంది. శుభ్రంగా, పాలమీగడలా. వెనక్కి చూశాను. భీమ్‌రావు చూస్తున్నాడు, బట్టను కాదు, నన్ను.

కళ్యాణ్ రోడ్డు ఎక్కాక ట్రాఫిక్ జాం. కాల్హేర్ గోదాములకు పోయే లారీలు ముందు, వెనక, పక్కన. ఎంతసేపు నిలబడ్డామో. లారీవాళ్ళు ఇంజన్లు ఆపలేదు. రోడ్డుకు అటు సైజింగ్‌ల పొగ్గొట్టాలు, మాదీ అందులో ఒకటి. పున్నమికి మా వాళ్ళ పొయ్యిలు ఆపాలని రూలేమీ లేదు. గాలి ఆడలేదు. పొగ పైకి పోవడానికి బద్ధకించి కిందికే దిగింది. యాదయ్య పొడి దగ్గు దగ్గుతూ నేస్తూనే ఉన్నాడు. టార్పాలిన్ కింద పొయ్యి మీద కూర వండుతున్నంత మబ్బుగా ఉంది.

సాయంత్రం గుడి ముందు బట్ట కోశారు. పూజారి రెండు చేతుల మీద పరిచి పైకెత్తాడు.

విభూతి రంగు.

ప్రతి ఏడాది ఉన్నంత ముదురు కాదు. అయినా తెలుపని ఎవరూ అనలేరు. స్వామికి జై అని లేచిన అరుపుకు నా సగం చెవుడు కూడా గింగురుమంది. అంకుశం అందరికంటే గట్టిగా అరిచాడు.

ప్రాజక్త తలపాగా చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తాతా, నువ్వేమన్న చేసినవా?" అంది. లేదన్నాను. యాదయ్యను అడిగింది, ఆయన మగ్గం మీద ఒట్టేశాడు. నిజానికి నేను ఏమీ చేయలేదు. చేయని పనికి ఇంత సిగ్గుపడటం నాకు కొత్త.

భీమ్‌రావు గుడి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎవరెవరో వచ్చి వాడి వీపు తడుతున్నారు.

ఆగస్టు 6

టెంపో వచ్చింది. పొద్దున్నే. గల్లీ మొదట్లో ఉండగానే తెలిసింది.

భీమ్‌రావు జిలేబీ పొట్లంతో లోపలికి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "చూసినవా బావా, నా మసి కాదు" అన్నాడు. అదే మాట అక్కతో, ప్రాజక్తతో, నల్లా దగ్గరున్న పక్కింటావిడతో కూడా చెప్పాడు. ఛాయ్ అడిగి తాగాడు. ప్రాజక్తను తలపాగా బాగుంది బిడ్డా అని మెచ్చుకున్నాడు. గెలిచినవాడి మంచితనం.

అప్పుడు పోచవ్వ సత్తు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. పొద్దున గుళ్ళో పంచిన పేలికను సబ్బు నీళ్ళలో నానేసిందట. ఉతకకూడని బట్ట. ఆమె ఎప్పుడూ నియమం తప్పే మనిషి కాదు.

"మొన్న ఈయన చొక్కకు విభూతి అంటింది. నీళ్ళల్ల ముంచితే పోయింది" అంది. "ఇది చూడు. సబ్బు పెట్టినా జిడ్డు పోతలేదు. విభూతి గిట్ల జిడ్డుంటదారా తమ్మీ?"

నీళ్ళు నల్లగా ఉన్నాయి. పైన నూనె తెట్టు.

భీమ్‌రావు వేలు ముంచాడు. బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు. మళ్ళీ రుద్దాడు. వాడి మొహంలోంచి జిలేబీ అంతా దిగిపోయింది. ఎన్నేళ్ళుగానో సైలెన్సర్ తుడిచే వేలు అది, దానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

"నాది లేకున్నా ఇంత ఉన్నదా" అన్నాడు.

ఇంకోసారి వాసన చూసి, "రబ్బరు గూడ ఉన్నది" అన్నాడు. నేను జిలేబీ తిన్నాను. చాలా తీపిగా ఉంది.

ఆగస్టు 9, ఆదివారం

సభ. ఈసారి ఛాయ్ కూడా బాగాలేదు.

అంకుశం ముందే దండ తెప్పించాడు. బండి మారినా స్వామి మహిమ మారలేదు, కాబట్టి పొగ పొగ అని పిల్లలు చేసిన గోలంతా వట్టిదని తేలిపోయింది, వచ్చే ఏడు మళ్ళీ భీమ్‌రావు టెంపోనే, ఈ రోజు వాడికి సన్మానం, అన్నాడు. పెద్దవాళ్ళ చప్పట్లు. ప్రాజక్త లేచి గిన్నెలో నీళ్ళ సంగతి చెప్పబోయింది. ఉతకకూడని బట్ట ఉతికారా అని గోల. మా ఇంటి పరువు కాసేపు హాలంతా తిరిగింది.

భీమ్‌రావు లేచాడు. దండ పట్టుకొచ్చినవాణ్ని చేత్తో ఆపాడు.

"అది పక్కకు పెట్టుండ్రి. టెంపో మల్ల తేను. అది నాకు అన్నం పెడ్తది, ఊళ్ళె తిప్పుకుంట. స్వామి ముందర తిప్ప. ఇన్నేండ్లు మహిమ అనుకున్న, మీరూ అనుకున్నరు. ఈ యేడు నా పొగ తీసినం. అయినా రంగు మారింది. అంటే ఇంకెవ్వరిదో ఉన్నది. వచ్చే యేడు ఎవ్వరిది తీద్దాం? ఒక్కొక్కటి తీసుకుంట పోదాం. అన్ని తీసినంక గూడ బట్ట రంగు మారితే, అందరికన్న ముందు నేనే సాష్టాంగం వడ్త."

హాలులో సైజింగ్ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ పైకి చూశారు. పైన ఫ్యాను ఉంది, కరెంటు లేక తిరగడం లేదు, అయినా దాన్ని శ్రద్ధగా చూశారు. అంకుశం గొంతు సవరించుకుని, అది వేరే విషయం, ఇప్పుడు మాట్లాడుతున్నది బండ్ల గురించి అన్నాడు.

ఆ వాక్యం నాదే. వేరేవాడి నోట్లో దాని మొహం మొదటిసారి సరిగ్గా చూశాను. అంత అందంగా లేదు.

నా చెయ్యి లేచింది. నేను లేపానని చెప్పను. పొద్దున్నుంచి భుజం నొప్పిగా కూడా ఉంది. కానీ లేచింది, అందరూ చూశారు, ఇక దించడం కుదరలేదు. నాలుగో వంతు అన్నాను. ఆ పొయ్యిలో నా నాలుగో వంతు పొగ తీసేస్తాను. రబ్బరు, చెప్పులు వద్దు.

అంకుశం వేదిక మీంచి వంగి, "పొయ్యి ఒక్కటే కదనే, గాలయ్యన్నా. నాలుగో వంతు ఎట్ల తీస్తవ్?" అన్నాడు.

"అందుకే మిగిలిన మూడు వంతులు నిన్ను అడుగుతున్న" అన్నాను.

ఎవరో వెనక నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. అంకుశం నవ్వలేదు, కాదని కూడా అనలేదు. ఇంటికి వచ్చి మాట్లాడతానన్నాడు.

ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. పెద్దమనిషి కుర్చీ అంకుశం పక్కన ఉంది. కిందికి దిగాను. మూడో వరసలో భీమ్‌రావు నా వైపు చూడకుండానే జరిగాడు. బెంచీ చిన్నది. సగం కూర్చున్నాను.

ఆగస్టు 10

అంకుశం పొద్దున్నే వచ్చాడు. కట్టెతో నడిపితే ఎంత నష్టమో చెప్పాడు, నేను నవ్వుతూ విన్నాను. నా వాటా అమ్మేయమన్నాడు, అదీ విన్నాను. అప్పుడు పోచవ్వ ఛాయ్‌తో పాటు ఆ గిన్నె కూడా తెచ్చి వాడి ముందు పెట్టింది. నీళ్ళు పారబోయలేదు. అంకుశం ఇంట్లో కూడా దేవుడి అర ఉంది, అందులో కూడా పేలిక ఉంది. ఛాయ్ తాగి, చాలాసేపు కూర్చుని, సరే పద, పొయ్యి దగ్గరికి పోయి చూద్దాం అన్నాడు. చూద్దాం అనడం ఒప్పుకోవడం కాదు. నాకు తెలుసు, ఆ భాష నాదే.

బయట భీమ్‌రావు ఇంజను ఆపకుండా హారన్ కొడుతున్నాడు. సైజింగ్ దూరం, మావి ముసలి కాళ్ళు, ఆటోలు లేవు. ముగ్గురం టెంపో ఎక్కాం. గల్లీ చివర నుంచి వెనక్కి చూస్తే మా ఇల్లు కనబడలేదు, అంత పొగ. అంకుశం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, దీని సంగతి ముందు చూడాలె అన్నాడు. భీమ్‌రావు వినబడనట్టు గేరు మార్చాడు.